తిరుపతి, చిత్తూరు నుంచి జర్మనీకి: దిగాక ఎట్లా బతకాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

జర్మనీలో ష్టుట్‌గార్ట్ అనే నగరం వైపు చాలా ఏళ్ళు ఉండి, ఇప్పుడు తిరుపతికి వచ్చేశాను. మా చుట్టుపక్కల ఎవరింట్లో పిల్లలకు జర్మనీలో సీటు వచ్చినా, ఉద్యోగం వచ్చినా నా దగ్గరికి పంపిస్తారు. వీసా, అడ్మిషన్ సంగతులు చెప్పడానికి కన్సల్టెన్సీలు ఉన్నాయి, అవి ఇక్కడ రాయడం లేదు. విమానం దిగిన మర్నాటి నుంచి ఎట్లా ఉంటుందో ఎవరూ కూర్చోబెట్టి చెప్పడం లేదు. పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు నన్ను ఎక్కువగా అడిగేవి ఇవి.

అక్కా, దిగాక మొట్టమొదట చేయాల్సిన పని ఏంటి?

అడ్రస్ రిజిస్టర్ చేయించుకోవడం. దాన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు ఆ ఊరి మునిసిపల్ ఆఫీసులో చేయించుకోవాలి, దానికి ఇంటి ఓనర్ సంతకం పెట్టిన కాగితం కావాలి. అద్దె అగ్రిమెంటు ఒక్కటే చాలదు, ఆ కాగితం వేరే. పెద్ద ఊళ్ళలో అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం కాబట్టి చిత్తూరులో ఉండగానే ఆన్‌లైన్లో బుక్ చేసుకోండి. ట్యాక్స్ నంబరు దీని తర్వాతే వస్తుంది, చాలా బ్యాంకులు కూడా ఈ కాగితమే అడుగుతాయి.

ఆ ఫారంలో మతం అడుగుతారు. హిందువులకు, ముస్లింలకు దాంతో డబ్బు సంబంధం ఏమీ లేదు. క్రైస్తవ కుటుంబాల పిల్లలు మాత్రం ఒక సంగతి తెలుసుకొని రాయండి: కేథలిక్ అనో ప్రొటెస్టెంట్ అనో రాస్తే, ఉద్యోగం వచ్చాక మీరు కట్టే ఆదాయపు పన్ను మీద మరో 8 లేదా 9 శాతం చర్చి పన్ను కింద పోతుంది. నిజమే రాయండి, కాకపోతే జీతం చేతికొచ్చిన రోజు బిత్తరపోకుండా ముందే తెలిసి ఉండాలి.

ఇంకొకటి, పోస్టు డబ్బా మీద, కాలింగ్ బెల్ మీద మీ పేరు అంటించుకోండి. అక్కడ ఫ్లాట్ నంబరు చూసి ఉత్తరం ఇవ్వరు, డబ్బా మీది పేరు చూసి వేస్తారు. పేరు లేకపోతే వెనక్కి పోతుంది. బ్యాంకు పిన్, ఇన్సూరెన్స్ కార్డు, ట్యాక్స్ నంబరు అన్నీ ఉత్తరాల్లోనే వస్తాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎట్లా ఉంటే అట్లాగే రాయండి, అక్కడ మిమ్మల్ని అందరూ పిలిచేదీ ఆ ఇంటిపేరుతోనే. ఎవరినో పిలుస్తున్నారనుకొని ఊరికే కూర్చోకండి.

అమ్మ నెయ్యి, కోడి పచ్చడి, మామిడికాయలు సర్దుతోంది. తీసుకెళ్ళచ్చా?

ఈ మూడూ కుదరవు. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చేవాళ్ళు మాంసం, పాలతో చేసినవి తీసుకురాకూడదు. అంటే నెయ్యి, పాలకోవా, కోడి పచ్చడి, మటన్ పచ్చడి అన్నీ కస్టమ్స్‌లో తీసేస్తారు. తాజా పళ్ళు, కూరగాయలు, ఆకులకు మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ ఉండాలి, అది లేకుండా వదిలేది అనాస, అరటి, కొబ్బరి, ఖర్జూరం, డూరియన్ అనే అయిదింటినే. మన బెనీషా మామిడి ఎంత తీయగా ఉన్నా, పెరటి కరివేపాకు ఎంత లేతగా ఉన్నా సర్టిఫికెట్ లేకుండా దాటవు. అమ్మకు ఈ సంగతి బయల్దేరే రోజు కాకుండా నెల ముందే చెప్పండి, ఆమె అంత కష్టపడి చేసింది ఎయిర్‌పోర్టులో చెత్తబుట్టలో పడటం చూడలేం.

తీసుకెళ్ళగలిగేవి చాలానే ఉన్నాయి. మామిడికాయ ఊరగాయ, గోంగూర పచ్చడి, కారప్పొడి, సాంబారు పొడి, ఎండు కరివేపాకు పొడి, చింతపండు, వేయించిన చెనక్కాయలు. మిక్సీ తీసుకెళ్ళండి, కరెంటు అక్కడా 230 వోల్టులే కాబట్టి బాగా పనిచేస్తుంది, ప్లగ్గు పట్టదు కాబట్టి అడాప్టర్ మాత్రం కావాలి. కుక్కరు కొనేటప్పుడు ఇండక్షన్ అడుగు ఉన్నదే కొనండి, అక్కడ గ్యాస్ పొయ్యి ఉన్న ఇళ్ళు తక్కువ. మందులు మీ సొంతానికి మూడు నెలలకు సరిపడా, డాక్టరు చీటీతో. చలి కోట్లు మాత్రం ఇక్కడ కొనకండి. తిరుపతిలోనే కాదు, చెన్నైలో కొన్నవి కూడా అక్కడి జనవరికి ఆగవు.

సంగటి లేకుండా ఉండలేనక్కా. రాగిపిండి దొరుకుతుందా?

దొరుకుతుంది. ఈ విషయంలో తమిళం వచ్చిన మన చిత్తూరు పిల్లలకు ఉన్న అదృష్టం వేరే జిల్లాల వాళ్ళకు లేదు. జర్మనీలో చాలా ఊళ్ళలో ఆసియా సరుకుల కొట్లు నడిపేది శ్రీలంక తమిళులు. శ్రీలంకలో యుద్ధం జరిగిన రోజుల్లో వచ్చి స్థిరపడ్డవాళ్ళు. రాగిపిండి, ఇడ్లీ బియ్యం, మునక్కాయ, తాజా కరివేపాకు అక్కడే దొరుకుతాయి. తమిళంలో పలకరిస్తే వాళ్ళ ముఖం వెలిగిపోతుంది. వాళ్ళ యాస చెన్నై తమిళంలా ఉండదు, నెమ్మదిగా వింటే అర్థమవుతుంది. ఏ డాక్టరు మంచివాడు, ఏ వీధిలో అద్దె తక్కువ అనే కబుర్లు కూడా ఆ కొట్లోనే దొరుకుతాయి.

వంట గురించి రెండు జాగ్రత్తలు. ఇళ్ళలో పొగ అలారం తప్పనిసరిగా ఉంటుంది, ఎండుమిరపకాయలు వేసి తిరగమోత పెట్టేటప్పుడు కిటికీ తెరిచి, వంటగది తలుపు మూసి పెట్టండి. రెండోది, చలికాలంలో కిటికీలన్నీ బిగించి అన్నం, పప్పు ఉడికిస్తే ఆ ఆవిరంతా గోడలకు పట్టి నల్లగా బూజు వస్తుంది. రోజుకు రెండు మూడుసార్లు అయిదు పది నిమిషాలు కిటికీలు పూర్తిగా తెరవాలి, మంచు పడుతున్నా సరే. ఇది అద్దె అగ్రిమెంటులోనే రాసి ఉంటుంది చాలాసార్లు. బూజు పడితే అడ్వాన్సు నుంచి కోసేస్తారు, ఆ అడ్వాన్సు మూడు నెలల అద్దె దాకా ఉంటుంది, చిన్న డబ్బు కాదు.

పక్కింటివాళ్ళు పలకరించరు, క్లాసులో ఎవరూ మాట్లాడరు. మనమంటే ఇష్టం లేదా?

నన్ను అన్నిటికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. అడిగేటప్పుడు గొంతు తడబడుతుంది కూడా, అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

మన దగ్గర మనిషి కనబడితే చాలు, ఎక్కడికి పోతున్నావు, తిన్నావా, మీ నాన్న ఎట్లున్నాడు అని అడుగుతారు. అడగకపోతే కోపం ఉందని అర్థం. అక్కడ అడగకపోవడం మర్యాద. మీ విషయంలో నేను తలదూర్చను, మీ ఇష్టానికి మిమ్మల్ని వదిలేస్తున్నాను అని దాని అర్థం. అదే మనిషిని మీరు వెళ్ళి సాయం అడగండి, పని వదిలేసి వచ్చి నిలబడతారు. ఇన్సూరెన్స్ ఉత్తరం అర్థం కాక మెట్ల దగ్గర నిలబడ్డప్పుడు, అంతవరకూ హలో తప్ప ఇంకో మాట అనని పై అంతస్తు పెద్దావిడ నన్ను ఇంట్లోకి పిలిచి, కళ్ళజోడు పెట్టుకొని, పేజీ పేజీ చదివి చెప్పింది. ఆ సాయంత్రం నుంచి మేం స్నేహితులం. కానీ అడిగింది నేను. నేను అడగకపోతే ఆమె ఎప్పటికీ హలో దగ్గరే ఆగిపోయేది.

కాబట్టి చేరిన వారంలోనే పై ఇంటికి, కింది ఇంటికి వెళ్ళి బెల్ కొట్టి, నేను ఫలానా, కొత్తగా వచ్చాను అని చెప్పండి. కొత్తగా వచ్చినవాళ్ళే ముందు వెళ్ళాలి, అది అక్కడి పద్ధతి. మెట్ల మీద ఎవరు కనబడినా హలో చెప్పండి, డాక్టరు దగ్గర వెయిటింగ్ రూంలోకి అడుగు పెట్టినా అందరికీ కలిపి ఒక హలో చెప్పాలి. స్నేహాలు ఊరికే కూర్చుంటే రావు, ఏదైనా క్లబ్బులో చేరితే వస్తాయి. షటిల్, చెస్, పాటలు, కొండలెక్కడం, దేనికైనా ఊరూరా క్లబ్బు ఉంటుంది, ఫీజు తక్కువ. ఇప్పుడు క్రికెట్ క్లబ్బులు కూడా ఉన్నాయి, కానీ అక్కడ మళ్ళీ మనవాళ్ళే ఎక్కువ కనబడతారు. ప్రతి వారం అదే రోజు, అదే మనుషులతో కలవడం ముఖ్యం. ఏడాది పడుతుంది, రెండేళ్ళయినా పట్టచ్చు. అట్లా వచ్చిన స్నేహం ఊరు మారినా పోదు.

నా మీద ఇంటి ఓనర్‌కు కంప్లయింట్ వెళ్ళింది. ఏం తప్పు చేశాను?

ఈ నాలుగింట్లో ఒకటై ఉంటుంది.

రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా సద్దు చేయకూడదు. ఆదివారం రోజంతా అంతే. డ్రిల్లింగ్, వాక్యూమ్ క్లీనర్, స్పీకర్లు, కొన్ని ఇళ్ళలో వాషింగ్ మెషిన్ కూడా. ఇండియా టైముకు పొద్దున్నే అమ్మతో మాట్లాడాలని అర్ధరాత్రి గట్టిగా ఫోన్ మాట్లాడటం మనవాళ్ళు ఎక్కువగా చేసే పని, గోడలు పలుచన కాబట్టి అంతా వినబడుతుంది.

రెండోది చెత్త. ప్లాస్టిక్ ప్యాకింగ్ పసుపు డబ్బాలోనో పసుపు సంచిలోనో, కాగితాలు నీలం డబ్బాలో, కూరగాయల తొక్కలు గోధుమ రంగు డబ్బాలో, మిగిలింది నల్ల డబ్బాలో. రంగులు ఊరిని బట్టి కొంచెం మారతాయి, మునిసిపాలిటీ క్యాలెండర్ ఇస్తుంది, వంటగదిలో తగిలించుకోండి. గాజు సీసాలు వీధి చివర పెద్ద డబ్బాల్లో తెలుపు, ఆకుపచ్చ, గోధుమ రంగుగా వేరుచేసి వేయాలి, అదీ రాత్రిపూట, ఆదివారం వేయకూడదు, పగిలే చప్పుడుకు. నీళ్ళ బాటిళ్ళు, కూల్‌డ్రింక్ డబ్బాలు మాత్రం పారేయకండి, కొన్నప్పుడు ఒక్కోదానికి 25 సెంట్లు ముందే కట్టించుకుంటారు, సూపర్‌మార్కెట్ మెషిన్లో వేస్తే తిరిగిస్తారు. అసలు నీళ్ళ బాటిళ్ళే కొనక్కర్లేదు, కుళాయి నీళ్ళు నేరుగా తాగచ్చు.

మూడోది, ష్టుట్‌గార్ట్ వైపు అయితే మెట్లు. అక్కడ కెర్‌వోఖె అని, ఆ వారం ఎవరి వంతు అయితే వాళ్ళు మెట్లు, ఇంటి ముందు దారి ఊడ్చి తుడవాలి. తలుపుకు ఒక చిన్న బోర్డు తగిలిస్తే మీ వంతు వచ్చిందని. మన వీధుల్లో పొద్దున్నే ఎవరి వాకిలి వాళ్ళు ఊడ్చి కళ్ళాపి చల్లుకున్నట్టే అనుకొని చేయండి, ముగ్గు ఒక్కటే తక్కువ.

నాలుగోది పొగ, వాసన. దాని గురించి పైన చెప్పాను.

ఏదైనా సరే, కోపం తెచ్చుకోకుండా వెళ్ళి మాట్లాడండి. ముఖం మీదే చెప్పేస్తారు వాళ్ళు, మనకు చివుక్కుమంటుంది. చెప్పేశాక మనసులో పెట్టుకోరు.

ఆదివారం నిజంగా షాపులేవీ తెరవరా?

తెరవరు. రైల్వే స్టేషన్లో కొన్ని, పొద్దున కొద్దిసేపు బేకరీలు, హోటళ్ళు తప్ప. శనివారం సాయంత్రానికే పాలు, కూరగాయలు తెచ్చుకోండి. మొదట్లో ఈ ఆదివారాలు భరించలేకపోతారు, తర్వాత అవే ఇష్టమవుతాయి.

రైలు టికెట్ సంగతి చెప్పండి.

దేశమంతా సిటీ బస్సులు, ట్రాములు, లోకల్ రైళ్ళలో తిరగడానికి ఒకటే నెల టికెట్ ఉంది, డాయిచ్‌లాండ్ టికెట్ అంటారు. 2023 మేలో 49 యూరోలతో మొదలైంది, 2026 జనవరి నుంచి 63 యూరోలు. ఫాస్ట్ రైళ్ళకు అది చెల్లదు. ఆపేయాలనుకుంటే ఆ నెల పదో తేదీలోపు చెప్పాలి, లేకపోతే తర్వాతి నెల డబ్బు కూడా పోతుంది. చాలా యూనివర్సిటీలు తమ పిల్లలకు తక్కువకే ఇస్తాయి, ముందు అక్కడ అడగండి. స్టేషన్లో గేట్లు లేవని టికెట్ లేకుండా ఎక్కకండి, దొరికితే 60 యూరోలు.

ఖర్చులకు నెలకు ఎంత పంపాలి? పార్ట్‌టైం పనితో గడిచిపోతుందంటున్నారు?

స్టూడెంట్ వీసాకు బ్లాక్డ్ అకౌంట్లో, అంటే ముందే డబ్బు వేసి నెలకు ఇంత అని మాత్రమే తీసుకోగలిగే ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, అంటే నెలకు 992. చిన్న ఊళ్ళలో జాగ్రత్తగా ఉంటే ఇది చాలుతుంది, మ్యూనిక్‌లో ఇందులో పెద్ద భాగం గది అద్దెకే పోతుంది. పార్ట్‌టైం చేయచ్చు, ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు, కనీస కూలి 2026లో గంటకు 13.90 యూరోలు. కానీ మొదటి సెమిస్టర్లోనే పని దొరుకుతుందని లెక్క వేసుకొని అప్పు చేయకండి. భాష రాకపోతే పని దొరకడం ఆలస్యమవుతుంది, ఆ టెన్షన్ చదువు మీద పడుతుంది. లెక్కలో లేకుండా చేతికి డబ్బిస్తామనే పనికి అసలు వెళ్ళకండి, పట్టుబడితే వీసాకే ముప్పు.

ఇంటికొకటి చొప్పున నెలకు 18.36 యూరోలు రేడియో, టీవీ ఫీజు ఉంటుంది. టీవీ లేకపోయినా కట్టాలి. ఆ ఉత్తరం వస్తే మోసం అనుకొని చింపేయకండి. గదులు పంచుకొని ఉంటే అందరూ కలిసి ఒక్కటే కడితే చాలు.

ఇంగ్లీషుతో సరిపోతుందా?

క్లాసులో సరిపోతుంది. ఆఫీసుల్లో, డాక్టరు దగ్గర, అద్దె ఇంటి కోసం వెతికేటప్పుడు సరిపోదు. ఇక్కడ ఉండగానే జర్మన్ భాషలో ఏ1, ఏ2 అనే మొదటి రెండు స్థాయిలు పూర్తిచేసి వెళ్ళినవాళ్ళకీ, అక్కడికి వెళ్ళాక చూద్దాంలే అనుకున్నవాళ్ళకీ తేడా ఏడాది తిరిగేసరికి బాగా కనబడుతుంది. మనవాళ్ళు నలుగురు కలిసి ఒకే ఫ్లాట్లో ఉంటే ఖర్చు తగ్గుతుంది, భాష మాత్రం రాదు. నా మాట వింటే, మొదటి ఏడాది హాస్టల్లో వేరే దేశాల పిల్లలతో ఉండండి. తప్పులు మాట్లాడితే ఎవరూ నవ్వరు.

జ్వరం వస్తే?

మెడికల్ షాపుకు వెళ్ళి యాంటీబయాటిక్ అడిగితే ఇవ్వరు, డాక్టరు చీటీ ఉండాలి. మామూలు జలుబు జ్వరానికి డాక్టరు కూడా టీ తాగి పడుకోమంటారు, ఇంజెక్షన్ వేయలేదని దిగులుపడకండి. ఒంట్లో బాగున్నప్పుడే దగ్గర్లో ఒక ఫ్యామిలీ డాక్టర్ని చూసుకొని పెట్టుకోండి, కొత్త పేషెంట్లను తీసుకునేవాళ్ళు తక్కువ. రాత్రిపూట, సెలవు రోజుల్లో డాక్టరు కావాలంటే 116117. ప్రాణం మీదికి వస్తే 112, పోలీసులకు 110. ఈ మూడు నంబర్లూ అమ్మానాన్నలకు కూడా రాసిచ్చి వెళ్ళండి.

నవంబరు నుంచి ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు. ఏడుపొస్తోంది.

ఇది బలహీనత కాదు. మన ఒంటికి ఎండ అలవాటు. బెర్లిన్‌లో డిసెంబరు చివర ఎనిమిది దాటాక తెల్లారి, నాలుగు కాకముందే పొద్దుగూకుతుంది, ఆ మధ్యలో కూడా చాలా రోజులు సూర్యుడు కనబడడు. అక్టోబరు ఆఖరి ఆదివారం గడియారం ఒక గంట వెనక్కి పెడతారు, ఆ మర్నాటి నుంచి చీకటి ఒక్కసారిగా మీద పడినట్టు ఉంటుంది. ఇండియాతో తేడా కూడా మూడున్నర గంటల నుంచి నాలుగున్నర అవుతుంది, ఇంటికి ఫోన్ చేసే టైము తప్పిపోతుంది.

మబ్బుగా ఉన్నా సరే మధ్యాహ్నం అరగంట బయట నడవండి. డాక్టరుకు చెప్పి విటమిన్ డి చూపించుకోండి. సాయంత్రాలు గదిలో ఒంటరిగా ఉండే అలవాటు చేసుకోకండి, లైబ్రరీలో కూర్చున్నా నలుగురి మధ్య ఉన్నట్టుంటుంది. రెండు మూడు వారాలు నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా యూనివర్సిటీ స్టూడెంట్ సర్వీస్ వాళ్ళ కౌన్సెలింగ్‌కు వెళ్ళండి. గుట్టుగా ఉంచుతారు, ఇంగ్లీషులోనూ మాట్లాడతారు చాలాచోట్ల. మీ మార్కుల మీద, వీసా మీద దాని ప్రభావం ఉండదు. దయచేసి వెళ్ళండి. చదువులో ముందుండే పిల్లలే ఇది ఎవరికీ చెప్పుకోలేక నలిగిపోవడం చూశాను.

పండగలు ఎట్లా చేసుకుంటారు?

సెలవు ఉండదు, కాబట్టి దగ్గర్లో ఉన్న శనివారానికి జరుపుకుంటారు. దీపావళికి టపాకాయలు కాల్చకండి, అక్కడ మామూలు జనం టపాకాయలు కాల్చడానికి అనుమతి ఉన్నది డిసెంబరు 31, జనవరి 1 రోజుల్లోనే. వినాయకుణ్ణి నదిలో కాకుండా బకెట్లో నిమజ్జనం చేసి ఆ నీళ్ళు చెట్టుకు పోయండి. గుడికి వెళ్ళాలనిపిస్తే హామ్ అనే ఊళ్ళో కామాక్షి అమ్మవారి గుడి ఉంది, గోపురంతో సహా మన పద్ధతిలో కట్టినది, 2002 నుంచి ఉంది. శ్రీలంక తమిళులు కట్టుకున్నారు. ఎండాకాలంలో రథోత్సవం రోజు వీధి నిండా జనం, కొబ్బరికాయలు, కర్పూరం. గంగ జాతరకు ఇక్కడికి రాలేని పిల్లలకు ఆ ఒక్క రోజు ఎంత ఊరటో చూస్తేనే తెలుస్తుంది.

ఎవరైనా ఇంటికి పిలిస్తే? బర్త్‌డేలకు?

నాలుగంటే నాలుగుకే వెళ్ళాలి. ఆలస్యమయ్యేట్టుంటే మెసేజ్ పెట్టండి. చేతిలో పూలో చాక్లెట్లో ఉంటే చాలు. ఇంకొంచెం తింటావా అని ఒక్కసారే అడుగుతారు, మొహమాటపడి వద్దంటే గిన్నె లోపలికి వెళ్ళిపోతుంది, ఆకలితో ఇంటికొస్తారు. కావాలంటే కావాలనే చెప్పండి. పుట్టినరోజుకు కేకు తెచ్చేది పుట్టినరోజు ఉన్న మనిషే, మీ రోజున ఆఫీసుకు మీరే తీసుకెళ్ళాలి. ముందురోజే శుభాకాంక్షలు చెప్పకండి, అశుభం అనుకుంటారు. హోటల్లో ఎవరి బిల్లు వాళ్ళు కట్టుకోవడం మామూలు.

రంగు చూసి తక్కువగా చూస్తారా?

కొందరు చూస్తారు, లేదని చెప్పి పంపడం అన్యాయం. ఇల్లు వెతికేటప్పుడు, రాత్రి రైల్లో ఎవరైనా తాగి ఉన్నప్పుడు ఎదురవ్వచ్చు. మాటకు మాట అనకుండా ఆ చోటు వదిలి జనం ఉన్నవైపు వెళ్ళండి, మీద చేయి వేస్తే 110కి ఫోన్ చేయండి, యూనివర్సిటీలో జరిగితే అక్కడి వివక్ష ఫిర్యాదుల ఆఫీసుకు రాసివ్వండి. అలాగే గట్టిగా మాట్లాడిన ప్రతివాళ్ళనూ ఆ లెక్కలో వేయకండి, సిగ్నల్ దగ్గర ఎర్రలైటు ఉండగా రోడ్డు దాటితే వాళ్ళు సొంత మనుషుల్ని కూడా అట్లాగే కసురుకుంటారు, పక్కన పిల్లలుంటే మరీనూ.

ఇక్కడి లైసెన్సుతో కారు నడపచ్చా?

అక్కడ నివాసం మొదలైన ఆరు నెలల దాకా. తర్వాత మళ్ళీ థియరీ, డ్రైవింగ్ రెండు పరీక్షలూ పాసవ్వాలి.

మావాడు ఫోన్ ఎత్తడం లేదమ్మా. ఎత్తినా బాగున్నా అని పెట్టేస్తాడు. ఏం చేయాలి?

రోజుకు మూడుసార్లు చేయకండి. క్లాసు, పని, వంట, బట్టలు అన్నీ ఒక్కడే చూసుకోవాలి, మీ ఫోన్ వచ్చేసరికి మాట్లాడే ఓపిక ఉండదు, ఎత్తకపోతే మీరు బాధపడతారని ఇంకో దిగులు. వారానికి రెండు రోజులు టైము అనుకోండి, ఆ టైముకు తీరిగ్గా మాట్లాడండి. మార్కులు, ఉద్యోగం, పక్కింటి అబ్బాయి జీతం అడగకండి. ఏం వండుకున్నావు, ఎవరితో తిన్నావు అని అడగండి. ఎవరితో అన్నదానికి చాలా వారాలుగా ఒక్కణ్ణే అనే జవాబు వస్తుంటే అప్పుడు పట్టించుకోవాలి. లోను కట్టాలన్న మాట వాడికి గుర్తుంది, మీరు గుర్తుచేయక్కర్లేదు. ఇష్టం లేకపోతే వచ్చేయ్, చూసుకుందాం అని ఒక్కసారైనా మీ నోటితో చెప్పండి. ఆ మాట విన్న పిల్లలు నిజంగా తిరిగొచ్చేయడం తక్కువ, ధైర్యంగా ఉండటమే ఎక్కువగా చూశాను. బెంగ మీకే ఎక్కువైతే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు.

మేం చూడ్డానికి వెళ్ళచ్చా? ఎప్పుడు వెళ్తే మంచిది?

షెంగెన్ విజిటర్ వీసా (జర్మనీతో పాటు చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చేది) మీద 180 రోజుల్లో 90 రోజులు దాటకుండా ఉండచ్చు. 30,000 యూరోలకు తగ్గని ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి, బీపీ, షుగరు ఉన్నవాళ్ళు పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో చదివి తీసుకోండి. మే నుంచి సెప్టెంబరు మధ్యలో వెళ్ళండి, జూన్లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. మెత్తటి బూట్లు కొనుక్కోండి, నడక ఎక్కువ. ఇళ్ళలో ఫ్యాన్లు ఉండవు, ఎండ ముదిరితే పగలు కిటికీ షట్టర్లు దించుకొని ఉండాలి. నెయ్యి మాత్రం ఈసారీ సర్దకండి, అక్కడ వెన్న కొని కాచుకుంటే సరిపోతుంది.